చెల్లెలి కంటి పరీక్ష

వెంకటరత్నం గారికి ఇద్దరు కూతుళ్లు. పెద్దది లీలాకుమారి, రాంగోపాల్‌పేట్‌లో కంటి డాక్టరు. చిన్నది యామిని, విమానంలో కోపైలట్. లీల మెరిట్ సీటుతో చదివి డాక్టరైన రోజు ఇంట్లో పాయసం వండారు, అంతే. యామిని యూనిఫాం వేసుకున్న రోజున మాత్రం ఆయన వీధంతా స్వీట్లు పంచారు. పేపర్లో పడ్డ ఆమె ఫోటోకి ఫ్రేము కట్టించి, తెచ్చి లీల క్లినిక్‌లోనే తగిలించారు. "పేషెంట్లు చూస్తారు కదమ్మా" అన్నారు. లీల పంటి బిగువున నవ్వింది.

2007 ఆగస్టులో ఒకరోజు పొద్దున్నే యామిని ఎర్రబడ్డ కన్నుతో క్లినిక్‌కి వచ్చింది. వెనకే తండ్రి.

"నిన్న చీకటి పడ్డాక బేగంపేటలో దిగుతున్నామక్కా. ఏదో డాబా మీంచి ఎవడో ఆకుపచ్చ లేజర్ కొట్టాడు. మీటింగుల్లో సాఫ్ట్‌వేర్ వాళ్లు వాడే పెన్ను లాంటిదేనట. కాసేపు నాకేమీ కనబడలేదు, కెప్టెనే దింపాడు. అప్పట్నుంచీ ఒకటే మంట. చూపు పోతుందా?"

లీల చుక్కలు వేసి, దీపం పెట్టి ఓపిగ్గా చూసింది. రెటీనా శుభ్రంగా ఉంది. చేతి లేజర్ వెలుగు అంత దూరం వెళ్లేసరికి పళ్లెమంత పరుచుకుంటుంది. కళ్లు బైర్లు కమ్ముతాయి, దిగే వేళ అదే పెద్ద ప్రమాదం, కానీ కన్ను కాలదు. మంటంతా యామిని గట్టిగా నులుముకోవడం వల్ల పైపొర మీద పడ్డ చిన్న గీతది. రెండు రోజుల్లో మానిపోతుంది.

ఆ మాటే చెప్పబోయింది.

"జాగ్రత్తగా చూడు లీలా. దాని కళ్లంటే మాటలా!" అన్నారు తండ్రి.

"రెటీనా మీద అనుమానంగా ఉంది. వారం దాకా ఎగరొద్దు" అనేసింది లీల.

ఇక ఇంట్లో యామినికి రాజభోగం. తండ్రే చుక్కలు వేశారు, కలిపి ముద్దలు పెట్టారు. క్లినిక్ నుంచి వచ్చిన లీలను తిన్నావా అని అడిగినవాళ్లు లేరు. తను ఆడిన అబద్ధమే చెల్లెలికి ఇంత గారాబం తెచ్చిపెట్టిందని ఆమెకు కడుపు మండిపోయింది.

నాలుగోనాడు యామిని ఆమె గదిలోకి వచ్చింది.

"అక్కా, చూపు పోతే నాన్నకి నువ్వే మెల్లగా చెప్పు. నాకు ధైర్యం లేదు" అని ఏడ్చింది.

లీల ఇక దాచలేకపోయింది. "నీ రెటీనాకేమీ కాలేదు. మొదటి రోజే తెలుసు."

"మరెందుకు చెప్పలేదు?"

"నువ్వు నాలుగు రోజులు నేల మీద ఉండాలనిపించింది."

యామిని కళ్లు తుడుచుకుని గదిలోంచి బయటికి నడిచింది. మర్నాడు వేరే డాక్టరు దగ్గర పరీక్ష చేయించుకుని డ్యూటీకి వెళ్లిపోయింది.

"ఇంట్లో డాక్టరుండగా బయటికెందుకెళ్లావే?" అన్నారు తండ్రి, ఆమె తిరిగొచ్చాక రాత్రి భోజనాల దగ్గర.

"అక్కకి తీరిక లేదు నాన్నా" అంది యామిని, లీల వైపు చూడకుండా.

అక్క చేసింది బయటపెట్టలేదు. ఆ పెద్దమనసు కూడా దానికే దక్కిందే అనుకుంటూ, లీల తినకుండానే కంచం ముందు నుంచి లేచింది.