వస్తాదు గారి సున్నుండలు

నాకు కోపం ఎక్కువని మా ఆయన దుర్గాశంకర్ ఊరంతా చెబుతాడు. నిజమే. మా బట్టల కొట్లో జాకెట్టు ముక్క కోసం గంట బేరమాడేవాళ్ళను నేనే కసిరి పంపేస్తాను. కానీ ఆ సోమవారం పొద్దున మా సింధూరి తన ఫోను నా చేతికిచ్చి "చదువమ్మా" అన్నప్పుడు నాకు కోపం కూడా రాలేదు.

డోపింగ్ పరీక్షల వాళ్ళు పంపిన ఉత్తరం అది. జూనియర్ కుస్తీ పోటీల్లో నా కూతురు వెండి పతకం గెలిచిన రోజు తీసుకున్న మూత్రంలో స్టెరాయిడ్ ఉందట. రెండు వారాల్లో సంజాయిషీ చెప్పుకోవాలట. సరైన జవాబు లేకపోతే నాలుగేళ్ళు ఆట బంద్. దానికి పంతొమ్మిదేళ్ళు. నాలుగేళ్ళు పోతే ఇంకేం మిగులుతుంది?

"ఇంజక్షన్లేమన్నా వేయించుకున్నావా?" అని అడిగాను.

"నువ్వు పెట్టింది తప్ప ఏమీ తినలేదమ్మా" అంది.

ఇల్లంతా గాలించాను. దగ్గు మందు సీసా, తలనొప్పి బిళ్ళలు, ప్రొటీన్ పొడి డబ్బా, అన్నీ సంచిలో వేసుకుని గవర్నర్‌పేటలో ఛాయాదేవి గారనే లాయరు దగ్గరికి వెళ్ళాం. ఆవిడ ఒక్కొక్కటే చూసి పక్కన పెట్టారు.

"వీటిలో అలాంటిదేమీ లేదండీ. రోజూ తప్పకుండా తినేది ఇంకేముంది?"

"ఏముందండీ, అన్నం, గుడ్లు, పాలు. పొద్దున్నే ప్రసాదం."

ఆవిడ రాయడం ఆపారు. "ఆ ప్రసాదంలో ఏముంటుంది?"

నాకు ఒళ్ళు మండింది. "ప్రసాదంలో ఏముంటుందని అడుగుతారేంటండీ?" అన్నాను. ఆ మాట నాకే వినబడి, కూర్చున్నచోటే బిగుసుకుపోయాను.

ఆ ప్రసాదం ఇచ్చే అంకమ్మరావు వస్తాదు గారి గురించి చెప్పాలి. కంకిపాడు చుట్టుపక్కల ఆయన పేరు తెలియని ఇల్లు లేదు. యాభై ఏళ్ళ కిందట ఏదో తిరనాళ్ళలో ఉత్తరాది నుంచి వచ్చిన ఒక మల్లుడి మణికట్టు పట్టుకుని అలాగే నిలబెట్టేశారట. గింజుకుని గింజుకుని ఆ మల్లుడు చివరికి కూలబడి ఏడ్చాడట. ఆయన పట్టు విడిపించుకున్నవాడు పుట్టలేదని మా నాన్న చెప్పేవాడు. ఆ కథలు వింటూ పెరిగిన దాన్ని కాబట్టి, సింధూరికి ఎనిమిదో ఏడు రాగానే తీసుకెళ్ళి ఆయన వ్యాయామశాలలో చేర్చాను. కుస్తీ పట్టే గోదా పక్కనే ఆంజనేయస్వామి గుడి. తెల్లారగట్ల చన్నీళ్ళ స్నానం, స్వామికి పదకొండు ప్రదక్షిణలు, ఆ తర్వాతే గోదాలో అడుగు. పెద్దవాళ్ళకు ఎదురుచెప్పకూడదు, పెట్టింది కాదనకూడదు. ఈ కాలంలో ఇలాంటి పెంపకం ఎక్కడ దొరుకుతుందని నాకెంత మురిపెమో.

ఏడాది నుంచి, పెద్ద పోటీలకెళ్ళే పిల్లలకు మాత్రం ఆయన ప్రతి మంగళవారం ఏడు సున్నుండలు ఇస్తున్నారు. స్వామి పాదాల దగ్గర పెట్టినవి, రోజుకొకటి. ఆ పిల్లే తినాలి, ఇంట్లో ఇంకెవరూ నోట పెట్టకూడదని కట్టడి. దాని స్నానం కాగానే నేనే, ఈ చేత్తోనే, రోజూ దాని చేతిలో పెట్టాను.

మొదటి నెలలోనే అది "చేదుగా ఉందమ్మా" అంది. "ప్రసాదానికి వంకలు పెడితే కళ్ళు పోతాయి, నోరు మూసుకుని తిను" అన్నాను. మొహం నిండా పొక్కులొచ్చాయి, వయసు అనుకున్నాను. గొంతు బొంగురుపోయింది, చన్నీళ్ళ వల్ల అనుకున్నాను. ఇంకొకటి చెప్పాలంటే సిగ్గుగా ఉంది, అయినా చెబుతాను. ఐదు నెలలు దానికి నెలసరి రాలేదు. ఏ తల్లయినా డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. నేనేం చేశానో తెలుసా? స్వామి సేవకు అడ్డం తొలగిపోయిందని కొబ్బరికాయ కొట్టించాను. నా బుద్ధి గడ్డి తింది.

ఇదంతా ఛాయాదేవి గారు రాసుకున్నారు. తర్వాత అడిగారు. "ఆ ఉండల్లో ఒక్కటన్నా మిగిలిందా?"

మిగిలింది. పిల్ల పోటీలకు ఒకరోజు ముందే బయల్దేరింది కాబట్టి ఒక్కటి మిగిలిపోయింది. పోటీలయ్యాక ఆయన కొత్తవి ఇవ్వలేదు. ప్రసాదం పారెయ్యకూడదు, నేను తినకూడదు. అందుకని స్టీలు డబ్బాలో పెట్టి దేవుడి గూట్లో ఉంచాను.

"మీ అమ్మాయికున్న దారి అదొక్కటేనండీ" అన్నారు ఆవిడ. "పరీక్షలో అందులో మందు తేలితే, తెలియక తిన్నదని వాదించొచ్చు. రేపు మధ్యాహ్నం నేనే వచ్చి సీలు వేయించి తీసుకెళ్తాను. అప్పటిదాకా ఎవరినీ ముట్టుకోనివ్వకండి."

అంతటితో ఊరుకున్నానా? ఇంటికి రాగానే వస్తాదు గారికి ఫోను చేశాను. "ఛ, అలాంటిదేం లేదమ్మా" అని ఆయన నోటితో వినాలని. లాయరు గారు ఆ ఉండ కావాలన్నారని కూడా వాగేశాను. ఆయన అంతా విని "పొద్దున్నే వస్తానమ్మా" అని పెట్టేశారు.

తెల్లవారి మా ఆయన "తిన్నింటి వాసాలు లెక్కపెట్టకు రాజేశ్వరీ" అని నాకో నీతి చెప్పి కొట్టుకు వెళ్ళిపోయాడు. ఆ తర్వాత పది నిమిషాలకు వస్తాదు గారు వచ్చారు. తెల్లటి పంచె, నుదుట సింధూరం, డెబ్భై ఆరేళ్ళకూ వంగని నడుము. సింధూరి గుమ్మం పక్కన గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ముందురోజు నుంచి అది సరిగ్గా తినలేదు.

"ఆ ఉండల్లో ఏం కలిపారండీ?" అని అడిగాను.

"బలానికి కావాల్సింది కలిపానమ్మా."

పులుసులో బెల్లం ముక్క వేశానన్నంత తేలిగ్గా చెప్పారు. అబద్ధమైనా ఆడతారనుకున్నాను. అదీ లేదు.

"మందని తెలిసే పెట్టారా?"

"ఉత్తి మినుములు తింటే పతకాలొస్తాయా? నాకూ మా వస్తాదు పెట్టేవాడు. ఏముందని నేనడగలా. ఇవాళ్టికీ నాకు తెలియదు. అడిగితే ఇంక భక్తెక్కడిదమ్మా?"

మా నాన్న కళ్ళు పెద్దవి చేసి చెప్పిన ఆ తిరనాళ్ళ కథ గుర్తొచ్చింది. అందులో కూడా ఏం కలిసిందో ఎవరికి తెలుసు?

"పిల్ల బతుకు పోతోందండీ" అన్నాను.

"స్వామి చూసుకుంటాడు. ఆ మిగిలింది ఇటివ్వు. ప్రసాదాన్ని కోర్టులకీ లాయర్లకీ అప్పజెప్పకూడదు."

చెయ్యి చాపారు. నోరుగల దాన్నని పేరు పడ్డ నేను, కిక్కురుమనకుండా వెళ్ళి, ఆ డబ్బా తెచ్చి, రెండు చేతులతో ఆయనకిచ్చాను. ఇచ్చాక గానీ నేనేం చేశానో నాకు తెలియలేదు. పెద్దవాళ్ళు చెయ్యి చాపితే ఇవ్వడమే నాకు నేర్పారు.

ఆయన మూత తీశారు. ఉండ తీసుకుని కళ్ళకద్దుకున్నారు. నోటి దాకా తీసుకెళ్ళారు. నా కూతురి నాలుగేళ్ళూ ఆయన నోట్లోకి పోతున్నాయి. లాక్కోవాలని ఉంది. ప్రసాదం తినే మనిషి చేతిలోంచి లాక్కోవడానికి నా చెయ్యి లేవలేదు.

సింధూరి ఎప్పుడు లేచిందో తెలియదు. ఆయన మణికట్టు పట్టుకుంది.

"వదులమ్మా" అన్నారాయన.

"వదలనండీ. అది నేనే తినాలన్నారు. నాదే కదండీ అది" అంది, బొంగురుపోయిన ఆ గొంతుతోనే.

ఆయన లాగారు. తిప్పారు. మెడ మీద నరాలు ఉబ్బాయి. దాని చెయ్యి కదల్లేదు. ఆ పట్టు ఆయన నేర్పిందే. ఉండను మాత్రం గుప్పిట్లో బిగించి, ఆయన నా వైపు చూశారు.

"పాపం చుట్టుకుంటుంది రాజేశ్వరీ. చెప్పు దానికి."

సింధూరి కూడా నా వైపే చూసింది. చేదుగా ఉందమ్మా అన్న రోజు కూడా ఇలాగే చూసింది.

నేను డబ్బా తీసి ఆయన చేతి కింద పెట్టాను. చిటికెన వేలితో మొదలుపెట్టి ఒక్కొక్క వేలే విప్పాను. ఉండ నలిగి పొడి పొడిగా డబ్బాలో రాలింది. అరచేతికి అంటుకున్న దాన్ని చెంచాతో గీకాను. ప్రసాదం ఒక్క పలుకైనా నేల మీద పడకూడదని మా అమ్మ నాకు చిన్నప్పుడే నేర్పింది. ఆ రోజు ఒక్క పలుకు కూడా పడనివ్వలేదు.