నాగేశ్వరికి దొరికిన మాటల వేషం

నాగేశ్వరి ఇరవై ఏళ్లుగా సినిమాల్లో ఏడుస్తోంది. హీరోగారి తండ్రి పోతే వెనక వరుసలో నిలబడి గుండెలు బాదుకునేది ఈవిడే. అంత ఏడ్చినా ఒక్క డైలాగు దక్కలేదు పాపం. అందుకే ఏజెంటు బసవపున్నయ్య ఫిల్మ్‌నగర్ బస్తీలో ఆమె గుమ్మం ముందు స్కూటరాపి, తల్లి వేషం ఉంది, మాటలు కూడా ఉన్నాయనగానే, ఎక్కడ, ఏమిటని అడక్కుండా దువ్వెన అందుకుంది.

తీరా చూస్తే అది సినిమానే కాదు. మధురానగర్‌లో గది తీసుకుని హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేస్తున్న నాగసాయి అనే కుర్రాడికి మందు అలవాటైంది. పొద్దున్నే చేతులు వణుకుతున్నాయి. వైద్యం చేయించుకుంటే సరే, లేకపోతే ఇక రానక్కర్లేదని ఆఫీసులో చెప్పేశారు. సర్కారు ఆసుపత్రి వార్డులో ఆ అలవాటు మాన్పిస్తారట. కానీ ఇంటిమనిషి వెంట వచ్చి సంతకం పెడితేనే చేర్చుకోవాలని రూలు. తెనాలిలో ఉన్న వాళ్లమ్మకు తెలిస్తే ఇంకేమైనా ఉందా! మంచం, బీరువా, ఫ్రిజ్జు అన్నీ అద్దెకు తెచ్చుకున్నవాడు, అమ్మ మాత్రం దొరకదా అనుకుని బసవపున్నయ్యను పట్టుకున్నాడు.

ఆటోలో కుర్రాడు తన పేరూ ఊరూ చదువూ ఆవిడకు వల్లె వేయించాడు. ఏడుపు ఎక్కడ పెట్టమంటావు బాబూ అని ఆవిడ అడిగితే, ఏడవక్కర్లేదండీ, సంతకం చాలన్నాడు. నాగేశ్వరికి ఒళ్లు మండింది. పిలిచి పిలిచి ఏడవొద్దంటాడేమిటి, వీడి మొహం!

వార్డులో డాక్టరు కమలాకర్ నిదానస్తుడు. ఇద్దరినీ కూర్చోబెట్టి అడిగాడు.

"గీ పిలగాడు మీకేమైతడమ్మా?"

"మా అబ్బాయేనండీ," అంది నాగేశ్వరి, హాల్లో చివరి బెంచీకి కూడా వినపడేలా.

డాక్టరు తలూపి, ఆటోలో వల్లె వేయనివి అడగడం మొదలెట్టాడు. తాగొచ్చి ఏం చేస్తాడు, తింటాడా, తెల్లారాక ఎలా ఉంటాడు? కుర్రాడి మొహం పాలిపోయింది. నాగేశ్వరి మాత్రం తడుముకోలేదు.

"అన్నం ముందు పెట్టుకుని అలాగే నిద్రపోతాడండీ. చెప్పులు దాచేస్తే ఉత్త కాళ్లతో పోతాడు. పొద్దున నా మొహం చూళ్లేక, పంపు దగ్గరికి పోయి బిందెలన్నీ నింపుకొస్తాడు. పెళ్లయిన ఏడాది నుంచీ ఇదే వరసండీ."

డాక్టరు పెన్ను కింద పెట్టాడు.

"పిలగానికి పెండ్లే కాలే. ఎవరి ముచ్చటమ్మా ఇది?"

అప్పుడొచ్చింది ఏడుపు. సినిమా ఏడుపు కాదు, ముక్కు చీదుకునే ఏడుపు. అదంతా తన మొగుడు, లైట్‌మన్ ఆదినారాయణ కథ. పుట్టింట్లో కూడా ఎన్నడూ నోరు విప్పలేదు. బస్తీలో తాగనివాడెవడు, నా ఖర్మ అనుకుంది తప్ప, దీనికి ఆసుపత్రి ఒకటుంటుందని అనుకోలేదు. ఇది జబ్బేనాండీ అని అడిగింది. జబ్బేనన్నాడు డాక్టరు.

"మరి ఈ బాబుని చేర్చుకోరా? సంతకం నేను పెడతానుగా."

"చెల్లదమ్మా. ఇంటికి వోయినంక కనిపెట్టుకునుండే మనిషి కావాలె. అందుకే ఆ రూలు."

నాగసాయి లేచి బయటికెళ్లాడు. సెల్‌ఫోన్‌లో తెనాలికి మాట్లాడి, కళ్లు తుడుచుకుంటూ వచ్చాడు. అమ్మ నోటికొచ్చినట్టల్లా తిట్టి, చివర్న ఏ స్టేషన్లో దిగాలని అడిగిందట. మర్నాడు ఆవిడ సంతకంతోనే కుర్రాణ్ని చేర్చుకున్నారు.

నాగేశ్వరి వార్డు నుంచి ఇల్లు చేరేసరికి ఆదినారాయణ షూటింగు లేక ఇంట్లోనే ఉన్నాడు. ఇంకా తాగలేదు. మాటలు దక్కాయా అని నవ్వుతూ అడిగాడు. దక్కాయంది నాగేశ్వరి. అన్నం దగ్గర్నుంచి బిందెల దాకా, డాక్టరుతో అన్నవన్నీ ఒక్క పొల్లు పోకుండా అప్పజెప్పింది. ఈయన అలా బిందెల వంక చూస్తూ కూర్చున్నాడు. లోకువైపోయానన్న కోపం కాసేపు, సిగ్గు కాసేపు. ఆనక, ఆ డాక్టరు కసురుతాడా అని అడిగాడు. కసరడంది.

సోమవారం పొద్దున కమలాకర్ ఎదురుగా ఇద్దరూ కూర్చున్నారు. ఆదినారాయణ తెల్లచొక్కా వేసుకుని, చేతులు మోకాళ్ల మధ్య దాచుకున్నాడు. డాక్టరు ఆవిణ్ని గుర్తుపట్టాడు. అయినా రూలు రూలే కాబట్టి, ఈయన మీకేమైతడమ్మా అని అడిగాడు.

"మా ఆయనండీ," అంది నాగేశ్వరి. డాక్టరు ముందుకు వంగి, మళ్లీ చెప్పించుకోవాల్సి వచ్చింది.