లేకపోతే అక్క

కళ్లద్దాలు నుదుటిమీదికి తోసి, కంప్యూటర్ తెరకు జానెడు దూరంలో ముఖం పెట్టి, ఆమె అదే వరుసను మూడోసారి చదువుతోంది. పిల్లల ఆసుపత్రికి ప్రోగ్రాములు రాసే ఆ గదిలో ఇరవై రెండేళ్లుగా ఆమెది కిటికీ పక్క కుర్చీయే. ఆమె దగ్గర పని నేర్చుకున్నవాళ్లు మేనేజర్లయ్యారు. ఆమెకు పెరిగినవి కళ్లద్దాల మందం, "లేకపోతే అక్క" అన్న పేరు, అంతే.

ఆ పేరు ఊరికే రాలేదు. వాళ్లు వాడే ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ భాషలో షరతు ఏదో ఒక విలువను ఇచ్చి తీరాలి. "ఉంటే" అని మొదలుపెట్టినవాళ్లు "లేకపోతే" ఏమిటో కూడా చెప్పాలి. చెప్పకపోతే ప్రోగ్రామ్ ముందుకు కదలదు. ఎవరు ఏం రాసి తెచ్చినా ఆమె మొదట అడిగేది "లేకపోతే?" అనే.

కొత్తగా చేరిన అమ్మాయి ఆ రెండూ రాసింది. పాప బరువు తెలిస్తే దాన్నిబట్టి మందు మోతాదు, లేకపోతే సున్నా. కంప్యూటర్ ఒప్పుకుంది. ఆమె ఒప్పుకోలేదు.

"సున్నా ఎందుకు పెట్టావమ్మా?"

"ఏదో ఒకటి పెట్టాలిగా అక్కా! అయినా బరువు చూడకుండా మందెవరిస్తారు?"

"సున్నా కూడా జవాబే తల్లీ. చూసినవాళ్లు మందే ఇవ్వక్కర్లేదనుకుంటారు. పద, అడిగొద్దాం."

మోకాళ్లు పట్టుకుంటూ రెండంతస్తులు దిగింది. అత్యవసర విభాగంలో నర్సు చేతులు తుడుచుకుంటూ నవ్వింది.

"ఫిట్స్‌తో కొట్టుకునే పిల్లని తూకమెక్కించమంటారా అక్కా? మంచం మీదే పొడవు కొలిచి, బరువు అంచనా కడతాం."

పైకొచ్చి ఆమె సున్నాను కొట్టేసింది. బరువు తెలిస్తే, ఇంత మందు ఇవ్వండి. లేకపోతే, ముందు పొడవు కొలవండి. రాసినవారి పేరు దగ్గర ఆ అమ్మాయి పేరే ఉంచి, చల్లారిన టీ గుటుక్కున తాగేసింది.

మూడు వారాల తర్వాత ఒక ఆదివారం, బట్టలు ఆరేస్తూ ఆయాసమొచ్చి మెట్టు మీద కూర్చుంది. మళ్లీ లేవలేదు. సోమవారం ఆమె తమ్ముడు ఆఫీసుకు ఫోన్ చేసి చెప్పాడు.

గురువారం నర్సు ఫోన్ చేస్తే, సున్నా రాసిన అమ్మాయే ఎత్తింది.

"అక్క లేదని తెలుసమ్మా. అయినా ఎవరికో ఒకరికి చెప్పాలనిపించింది. పొద్దున రెండేళ్ల పాపని ఎత్తుకొచ్చారు, ఒంటిమీద తెలివి లేదు. డ్యూటీలో ఉన్నది కొత్త నర్సు. కంగారులో ఏం చెయ్యాలో తోచక తెర చూసిందట, పొడవు కొలిచిందట. ఇప్పుడా పాప లేచి కూర్చుని బిస్కెట్ కోసం పేచీ పెడుతోంది."

"సరే సిస్టర్," అని ఫోన్ పెట్టేసింది ఆ అమ్మాయి.

జారిన పెన్ను తీసుకోబోయి వంగింది. కిటికీ పక్క బల్ల కింద, అక్క ఆఫీసులో మాత్రమే వేసుకునే నీలం చెప్పులు, మడమల దగ్గర అరిగిపోయి, ఒకదాని పక్కన ఒకటి సర్ది ఉన్నాయి.