ముగియని తనిఖీ

మా కృత్రిమ కాళ్ళ కేంద్రానికి డబ్బిచ్చే ఫౌండేషన్ నుంచి ఏటా ఒక మేడమ్ తనిఖీకి వచ్చేది. ఆవిడకు మేం పెట్టుకున్న పేరు భూతద్దం. పొద్దున వచ్చి సాయంత్రం పోయేలోపు స్క్రూల డబ్బా మొదలు చీపురు దాకా లెక్కపెట్టేది. ఒకసారి కత్తెర ఒకటి తక్కువైందని నాచేత మూడు కాగితాల మీద సంతకాలు పెట్టించింది. కత్తెర నా జేబులోనే ఉంది, అది వేరే సంగతి. పదహారేళ్ళుగా ఊళ్ళోవాళ్ళకు కాళ్ళు చేసిపెడుతున్నవాణ్ణి, ఆవిడ వస్తోందంటే నా కాళ్ళే వణికేవి.

ఈ ఏడాది ప్రభుత్వం కూలిపోయింది. పొద్దున ఒక జెండా ఎగిరితే సాయంత్రానికి ఇంకొకటి. కొత్తగా గద్దెనెక్కినవాళ్ళు, మాలాంటి సంస్థలన్నీ పాతవాళ్ళ మనుషులవేనని తేల్చి ఒక్కోదానికీ తాళం వేయడం మొదలుపెట్టారు. మా వీధి చివర కళ్ళ ఆసుపత్రికి సీలు పడింది. దాని పక్కన, పెద్దలకు చదువు చెప్పే సంస్థకూ పడింది. ఇక వంతు మాదే.

నా బెంగ అంతా మా బావ గురించి. అక్క మొగుడు, సిటీబస్సు డ్రైవరు. గొడవల్లో ఎవరో బస్సును తిరగేస్తే ఎడమ కాలు మోకాలి కింద పోయింది. గాయం మానడానికి ఐదు నెలలు పట్టింది. ప్లాస్టర్ అచ్చు తీశాను, ప్లాస్టిక్ వేడిచేసి అచ్చు మీద బిగించాను, పాదం తగిలించాను. తొడిగి సరిచూడడం ఒక్కటే మిగిలింది. ఈలోగా తాళం పడితే ఆ కాలు లోపల, బావ బయట.

"బస్సులే ఆలస్యంగా వస్తాయి, కాలు రాకూడదా బావమరిదీ?" అని బావ నవ్వేవాడు. అక్క మాత్రం నవ్వేది కాదు.

అప్పుడు ఫౌండేషన్ నుంచి ఉత్తరం వచ్చింది. ఈ ఏడాది నివేదికలు వద్దు, ఇచ్చిన డబ్బు జీతాలకో అద్దెకో దేనికి అవసరమైతే దానికి వాడుకోండి, తనిఖీలు కూడా లేవు అని. హమ్మయ్య అనుకున్నాం. మర్నాడే భూతద్దం దిగింది, చేతిలో బట్టల సంచీతో.

"తనిఖీ లేదన్నారుగా మేడమ్?"

"మీకు లేదు మేస్త్రీ. బయటివాళ్ళకు ఉంది. మా ఆఫీసులో అందరం తలా ఒక సంస్థలో కూర్చుంటున్నాం. నాకొక కుర్చీ వేయండి, గుమ్మానికి ఎదురుగా."

మూడో రోజు మధ్యాహ్నం వచ్చారు. ముందు ఒక ఆఫీసరు, వెనక తాళం పట్టుకుని ఒకడు, లక్క పట్టుకుని ఇంకొకడు. బావ అప్పుడే నడక నేర్పే కడ్డీల మధ్య నిలబడి ఉన్నాడు, పక్కన అక్క. కొత్త కాలు తొడిగాను కానీ దాని పట్టీలు ఇంకా బిగించనేలేదు.

"అందరూ బయటికి నడవండి," అన్నాడు ఆఫీసరు.

"అలాగేనండీ," అంది మేడమ్, కుర్చీలోంచి లేవకుండా. "తనిఖీ నడుస్తోంది. ఇక్కడి ప్రతి వస్తువూ మా ఫౌండేషన్ ఆస్తి. మీరు స్వాధీనం చేసుకుంటున్నట్టు ఒక్కోదానికీ సంతకం పెట్టి కానివ్వండి. పేరు, హోదా, ఎవరి ఆజ్ఞ మీద వచ్చారు. మొత్తం నాలుగు వందల పన్నెండు వస్తువులు."

ఆఫీసరు జేబులోంచి కలం తీసి, మళ్ళీ లోపల పెట్టేశాడు. వచ్చే వారం ఎవరు ఏలుతారో ఆయనకూ తెలీదు. అలాంటి రోజుల్లో పేరు రాసివ్వడమంటే తల రాసివ్వడమే.

"ఆజ్ఞ అన్నచోట ఖాళీ వదిలేస్తే?"

"కుదరదండీ."

ఆయన వెనక్కి తిరిగి చూశాడు. "నేను లక్క మొయ్యడానికి వచ్చాను సార్, సంతకానికి కాదు," అన్నాడు లక్కవాడు.

ఆఫీసరుకు రోషం వచ్చింది. "సరే, తెరిచే ఉంచండి! రేపు ఇక్కడ ఏం జరిగినా బాధ్యులెవరు? అది మీరు రాసివ్వండి!"

ఆ కాగితం మీద పేరున్నవాళ్ళ కోసమే రేపు పోలీసు జీపు వస్తుందని అందరికీ తెలుసు. మేడమ్ తన పేరు రాసింది, హోదా రాసింది, ఇంటి చిరునామా కూడా రాసింది. ఒక్క అక్షరం వంకరపోలేదు. ఇన్నాళ్ళూ ఈవిడనేనా మనం ఆడిపోసుకున్నది అని సిగ్గేసింది. కలం లాక్కుని కింద నా పేరు రాశాను. నా బతుకులో అంత గర్వంగా ఇంకెక్కడా సంతకం పెట్టలేదు.

"నాదీ రాయరా," అన్నాడు బావ, కడ్డీ వదలకుండా.

ఆఫీసరు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఈ తనిఖీ ఎప్పటికి అవుతుంది?"

"ఇప్పుడేగా మొదలైంది," అంది మేడమ్.

నలభై మూడు రోజులు సాగింది. జీపు రాలేదు, తాళమూ రాలేదు. కానీ నాకు ఎప్పుడూ కళ్ళముందు మెదిలేది ఆ మధ్యాహ్నమే.

వాళ్ళు వెళ్ళాక బావకు పట్టీలు బిగించాను. బావ ఒక చెయ్యి వదిలాడు. తర్వాత రెండోదీ వదిలాడు. కిటికీ దాకా ఆరడుగులు వేసి, గోడ పట్టుకుని తిరిగి చూశాడు. అక్క కొంగుతో నోరు మూసుకుంది.

మేడమ్ కుర్చీలోంచి లేచింది. "మళ్ళీ ఒకసారి నడవమనండి."

"ఏం మేడమ్, వంకరేమైనా ఉందా?"

"లేదు మేస్త్రీ. పదకొండేళ్ళుగా మీ కాళ్ళు లెక్కపెడుతూనే ఉన్నాను," అంది కళ్ళు తుడుచుకుంటూ. "నడుస్తుంటే ఎప్పుడూ చూడలేదు."