తారామణి మడి

మా అక్క కూతురు తారామణికి ఆరేళ్లు. రక్తానికి క్యాన్సర్ అన్నారు. మందు ఎక్కించినన్నాళ్లూ పిల్ల ఒంట్లో సత్తువ ఉండదనీ, ఎవరి చేతి మురికి తగిలినా జ్వరం వచ్చి దక్కకుండా పోతుందనీ, ఎవరినీ రానివ్వొద్దనీ డాక్టరు చెప్పాడు. ఈ మాట నాచారంలో మా కాలనీవాళ్లకు చెప్పగానే అందరూ పిల్లను చూడ్డానికి బయల్దేరారు.

బస్సు దిగినవాళ్లు దిగినట్టే వార్డులోకి వచ్చి, "ముట్టుకోం, జర సూసి పోతం" అంటూనే పిల్ల బుగ్గలు పుణికేవారు. ఒకరు బంతిపూల దండ తెచ్చారు, ఇంకొకరు తాయెత్తు తెచ్చారు. నర్సు శాంతాబాయి చేతులు కడుక్కోమని సబ్బిస్తే వాసన చూసి, బాగుందని తిరిగిచ్చేశారు. పక్కింటి బసవరాజు దిష్టి తియ్యడానికని తువ్వాల్లో నల్లకోడిని చుట్టుకొచ్చాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

అప్పుడు కాకినాడ నుంచి మా అమ్మ అన్నపూర్ణమ్మ దిగింది. అమ్మ మడి కట్టుకుందంటే చిన్నప్పుడు మేం ఆమె నీడ కూడా తొక్కేవాళ్లం కాదు. వచ్చిన రోజే శాంతాబాయి చెయ్యి తగిలిందని క్యారేజీలో అన్నమంతా పారబోసింది. నేను సిగ్గుతో చచ్చిపోయాను.

అయితే డాక్టరు చెప్పింది విన్నాక, అమ్మ గుమ్మానికి అడ్డంగా పీట వేసుక్కూర్చుని, పిల్ల మడిలో ఉందని ప్రకటించింది. అంతే. జ్వరానికి జంకనివాళ్లు మడికి హడలిపోయారు. చూడ్డమంతా గుమ్మం అవతల నుంచే. ఆఖరికి పెద్ద డాక్టరు కూడా మోచేతుల దాకా కడిగి చూపించాకే లోపలికి వెళ్లాడు. బసవరాజు పంపు దగ్గర కోడి కాళ్లకు సబ్బు రుద్ది తెచ్చి, "ఇగ మడే గద పెద్దమ్మా?" అన్నాడు. అమ్మ ఆ కోడిని సైకిల్ స్టాండు దాటనివ్వలేదు; అతను దాన్ని అక్కడే కట్టేసి పోయాడు.

పిల్లకు జ్వరం రాలేదు. ఒకరోజు పొద్దున అమ్మ గుమ్మంలో గట్టిగా తుమ్మింది. మంచం మీంచి తారామణి చెయ్యి అడ్డం పెట్టింది.

"అమ్మమ్మా, నన్ను ముట్టుకోకు. నేను మడిలో ఉన్నాను."

జన్మంతా మాకు చెప్పిన మాట అమ్మ వినడం అదే మొదలు. పీట పట్టుకెళ్లి, సైకిల్ స్టాండులో బసవరాజు కోడి పక్కన కూర్చుని ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది.

కాసేపటికి వార్డు కిటికీ దగ్గరికొచ్చి బయటి నుంచే శాంతాబాయిని పిలిచింది.

"చేతులు కడుక్కున్నావా తల్లీ?"

"కడుక్కున్న అమ్మా."

"అయితే నా బదులు దాని తల ఓసారి నిమురు."

శాంతాబాయి జుట్టు రాలిన ఆ తల నిమురుతుంటే, అమ్మ కిటికీ అవతల తన అరచెయ్యి చూసుకుంటూ నిలబడింది. మధ్యాహ్నం క్యారేజీ శాంతాబాయి చేతికే ఇచ్చి, పిల్లకు అన్నం కలిపి పెట్టమంది.