అక్క ఎడమచెవి

మా అక్కకి ఎడమచెవి పోతోందన్న సంగతి ముగ్గురికే తెలుసు: అక్కకి, బావకి, నాకు. బావ నడుము దెబ్బతిని మంచం పట్టిన మనిషి, ఆయన చెప్పడానికి ఇంటికి వచ్చేవాళ్లే లేరు. నేను నోట్లో నువ్వుగింజ నానని దాన్నే గానీ, ఈ ఒక్క విషయంలో మాత్రం నోరు కుట్టేసుకున్నాను. ఎందుకంటే అక్క పనిచేసేది చెవి మిషన్లు తయారుచేసే కంపెనీలో. అందులోనూ టెస్టర్‌గా. యంత్రం సరేనన్న ప్రతి మిషన్‌నీ చివరికి అక్క తన చెవికి పెట్టుకుని, గరగర లేదు, కీచుమనడం లేదు అని తేల్చాకే అది డబ్బాలోకి వెళ్తుంది. పెళ్లికి ముందు నుంచీ అదే పని. అక్కడ ఆమెని పేరు పెట్టి ఎవరూ పిలవరు, అందరికీ టెస్టరక్కే.

"చెవి మిషన్ల కంపెనీలో చెవి మిషన్ పెట్టుకుంటే ఉద్యోగం ఊడుతుంది, చూశావటే విడ్డూరం" అని నవ్వేది అక్క. "కుడిది నిక్షేపంగా ఉంది. పరీక్షంతా దాంతోనే చేస్తున్నా. ఇప్పటిదాకా ఒక్క చెడ్డ మిషన్ బయటికి పోలేదు, నీ మీద ఒట్టు."

నవ్వేది గానీ, ఆ నవ్వు వెనక భయం నాకు తెలుసు. ఇల్లు నడిచేది ఆమె జీతం మీద. అది పోతే ఆ వయసులో ఇంకెవరూ పిలిచి పనివ్వరు. అంతకు మించి, చెవులే తన గొప్పతనం అనుకుని బతికిన మనిషి. నీ చెవులిక పనికిరావని నలుగురిలో అంటే తట్టుకోలేదు.

నాది ఇంటీరియర్ డిజైనింగ్. కంపెనీ వాళ్లు ఆఫీసు మొత్తం మార్చాలనుకుంటున్నప్పుడు, "మా చెల్లెలుంది సార్, బాగా చేస్తుంది" అని యజమాని దగ్గర నా మాట ఎత్తింది అక్కే. పిలుపు రాగానే ఎగిరి గంతేశాను.

ఆ యజమాని సన్నగా, శుభ్రంగా, ఇస్త్రీ చెదరకుండా ఉంటాడు. గొంతు ఎప్పుడూ పెంచడు. ఆయన మాట్లాడుతుంటే ఎదుటివాళ్లు ముందుకు వంగి వినాల్సిందే. వెనకాల అందరూ 'మెల్లగా సారు' అని పిలుచుకుంటారు. తిట్టినా మెల్లగానే, తీసేసినా మెల్లగానే.

"మనం ఎవరమో గోడలు చెప్పాలమ్మా" అన్నాడు మొదటిరోజు. "మెట్లెక్కి వచ్చిన మనిషికి బోర్డు చదవకుండానే తెలిసిపోవాలి. మనం వినేవాళ్లం. అంతే, ఇంకేం వద్దు."

నిజం చెప్పొద్దూ, నాకు ముచ్చటేసింది. నాకు తగిలే కస్టమర్లలో చాలామంది, పక్క ఆఫీసు వాళ్లు నీలం వేయించారు కాబట్టి మాకూ నీలమే కావాలనే రకం. కంపెనీ ఎవరిదైనా, ఏం చేసినా, ఓ పూలకుండీ, ఓ మెరిసే అక్షరాల బోర్డు ఉంటే చాలంటారు. ఈయన ఎవరమో చెప్పమంటున్నాడు. ఈ పనితో నా పేరు నాలుగు చోట్లకీ పాకుతుందని ఆశపడ్డాను. ఆశ ఉన్నచోట కళ్లు సరిగ్గా కనిపించవు, నాకైతే అసలు కనిపించలేదు.

పాత ఆఫీసు చూస్తే ఏడుపొచ్చేది. చేతికి అందే ఎత్తులో సీలింగ్, ఊగే ట్యూబులైట్లు, ఒక్కో మనిషినీ ఒక్కో పెట్టెలో కూర్చోబెట్టిన ప్లైవుడ్ అడ్డాలు, వాటి మీద ఏనాడో అంటించి పీకిన కాగితాల జిగురు. అన్నీ పీకి పారేయించాను. మొత్తం ఒకే హాలు చేశాను. పైన సీలింగ్‌ని చెవి లోపలి గుల్లలా వంపు తిప్పి, కోడిగుడ్డును నిలువునా కోసి బోర్లించినట్టు హాలు ఈ చివర నుంచి ఆ చివర దాకా కప్పేశాను. చేత్తో రాస్తే గాజులా జారేటంత నునుపు చేయించాను. శంఖం లోపలుండే లేత రంగు వేయించాను. మెల్లగా సారు తనకి గదే వద్దన్నాడు. "నాకూ నా మనుషులకీ మధ్య గోడ ఉంటే వినేదెలా?" అన్నాడు. హాలు ఒక కొసన నడుమెత్తు చెక్క అడ్డం కట్టి ఆయన బల్ల వేయించాను. రెండో కొసన, కిటికీ పక్కన, అందరూ నిలబడి కబుర్లు చెప్పుకునే టీ బల్ల.

సీలింగ్ పని పూర్తయ్యాక ఆయన ఒక్కడే హాలంతా అటూ ఇటూ తిరిగాడు. ఒకచోట ఆగి చిటికె వేశాడు. ఇంకోచోటికి వెళ్లి మళ్లీ వేశాడు. తర్వాత నా దగ్గరికొచ్చి, "టీ బల్లని కిటికీ దగ్గర్నుంచి కాస్త ఇటు జరిపించమ్మా" అన్నాడు. జరిపించాను. కస్టమర్ అడిగితే బల్ల జరపడానికి నాకేం నొప్పి?

కొత్త ఆఫీసులో అడుగుపెట్టిన రోజు అందరూ తలలెత్తి నోళ్లు తెరిచారు. "మా చెల్లెలు చేసిందే" అని అక్క కనబడిన ప్రతివాళ్లకీ చెప్పుకుంది. ఆ రోజు ఆమె మొహంలో వెలుగు చూసి నా కడుపు నిండిపోయింది.

అది ఎన్నాళ్లో నిలవలేదు. మెల్లగా సారు కుర్చీ వెనక కిటికీకి తెర కొలత తీసుకోవాలని ఓ మధ్యాహ్నం వెళ్లాను. ఆయన లేడు. పొద్దుట్నుంచీ నిలబడి కాళ్లు లాగుతున్నాయి, ఆయన కుర్చీలోనే కూలబడ్డాను.

"ఇంకా ఎవరికీ చెప్పలేదు. వచ్చే నెల మానేసి వేరే కంపెనీకి వెళ్తున్నా" అన్నారెవరో, సరిగ్గా నా చెవిలో.

ఉలిక్కిపడి తిరిగాను. పక్కన ఎవరూ లేరు. అటు చివర, టీ బల్ల దగ్గర, స్టోర్ కీపర్ తల వంచి లెక్కలు చూసే అమ్మాయితో ఏదో గుసగుసలాడుతున్నాడు. ఇద్దరి వీపులూ నా వైపే ఉన్నాయి. "నాతో అన్నావు సరే, ఇంకెవరితోనూ అనకు" అంది ఆ అమ్మాయి, నా చెవిలో. గ్లాసులో చెంచా తిరిగిన చప్పుడు కూడా వినబడింది. వాళ్లకీ నాకూ మధ్య హాలంత దూరం, ఆ హాల్లో పనిచేసుకుంటున్న మనుషులు. వాళ్లెవరికీ ఈ మాట వినబడలేదు. గుడ్డు ఆకారానికి ఒక గుణం ఉంది, ఒకచోట పలికిన మాట వంపంతా తాకి, తిరిగి ఇంకొకచోట వచ్చి దిగుతుంది. కాలేజీలో చదివాను, పరీక్ష రాశాను, అక్కడితో వదిలేశాను.

"కుర్చీ ఒక బెత్తెడు కుడికి జరుపుకుంటే ఇంకా స్పష్టంగా ఉంటుందమ్మా."

మెల్లగా సారు. ఎప్పుడొచ్చాడో తెలియదు, నా వెనకే నిలబడి ఉన్నాడు.

లేచి నిలబడ్డాను. "సార్, ఇది నా పొరపాటు. సీలింగ్‌కి లోపల మందపాటి ఉన్ని గుడ్డ అంటిస్తే మాట అక్కడికక్కడే ఆగిపోతుంది. నేనే చేయించి పెడతాను."

"ఎందుకూ? నేను అడిగిందే చేశావుగా."

"వాళ్లకి తెలియదు కదా సార్."

"తెలిస్తే మాట్లాడరు కదమ్మా" అన్నాడు, చిన్నపిల్లకి చెప్పినట్టు. కుర్చీలో కూర్చుని, బల్ల మీద కలం సర్దుకున్నాడు. "మీ అక్క కూడా అక్కడే టీ తాగుతుంది. మంచి మనిషి. ఆమె మాట మాత్రం అంతగా వినబడదు, నిశ్శబ్దం మనిషి."

కొలత టేపు అక్కడే మర్చిపోయి బయటపడ్డాను. మర్నాడు స్టోర్ కీపర్‌ని పిలిచి, వచ్చే నెల దాకా ఎందుకు, ఈరోజే వెళ్లిపొమ్మన్నాడట, మెల్లగా.

ఆ సాయంత్రం అక్క ఇంటికి వెళ్లాను. మంచం మీద బట్టలు మడతపెడుతోంది. అలవాటుగా కుడిపక్క కూర్చుని జరిగిందంతా చెప్పాను, నా పెదాల వైపే చూస్తూ వింది. మొదట నమ్మలేదు, తర్వాత చేతిలో చొక్కా అలాగే పట్టుకుని ఉండిపోయింది.

"అయితే ఆ లెక్కల పిల్ల ఏ పాపం ఎరగదన్నమాట" అంది. "ఆ మాట ఆయనకి అదే మోసిందని ఎవ్వరూ దానితో మాట్లాడట్లేదే. ఏడ్చి ఏడ్చి మొహం వాచిపోయింది. రేపు పొద్దున్నే అందరికీ చెప్పేస్తా."

"చెప్తే ఎవరు చెప్పారని ఆరా తీస్తాడు. నీ పేరే వస్తుంది. నిన్ను పిలుస్తాడు, నిన్ను పరీక్షగా చూస్తాడు. నీ చెవి సంగతి బయటపడితే ఏం చేస్తావు?"

"నా చెవి గురించి నేను అక్కడ ఒక్క ముక్క అనలేదు."

"ఇక ముందూ అనకు. అసలు ఆ బల్ల దగ్గరికే పోకు."

"ఉన్నట్టుండి మానేస్తే అనుమానం రాదూ?" అంది అక్క. నిజమే. అక్క చొక్కాని మంచం మీద పడేసింది. "నీ సీలింగు వల్ల ఒకడి కూడు పోయింది, ఒకదాని పరువు పోయింది. నేను మాత్రం నోరు మూసుకుని టీ తాగాలి. అంతేగా?"

ఆ మాట చురుక్కుమంది. కోపమొచ్చింది కూడా, కానీ ఆమె మీద కాదు. మెరుపులకీ నునుపులకీ మురిసిపోయిన నా తెలివి మీద ఒళ్లు మండిపోయింది. "కొన్నాళ్లు ఓపిక పట్టవే. ఏదో సాకు చెప్పి ఆ గుడ్డ అంటించేస్తాను. ఆ తర్వాత ఎవరికి చెప్పాలో నేనే చెప్తాను" అని బతిమాలాను. అయిష్టంగానే ఒప్పుకుంది.

సాకు దొరకడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. సీలింగ్‌కి సన్నగా నెర్రెలు వచ్చాయని, రంగు నిలవాలంటే లోపల గుడ్డ వేయక తప్పదని చెప్పాను. లేని నెర్రెలు. ఒప్పుకోడని, అడ్డు ప్రశ్నలు వేస్తాడని, పదిరకాల జవాబులు తయారుచేసుకుని వెళ్లాను.

"అలాగే వేయించమ్మా" అన్నాడు వెంటనే. "ఇవాళే మొదలుపెట్టించు."

అంత తేలిగ్గా ఒప్పుకోవడం నాకు నచ్చలేదు.

"ఈలోపు ఒక్క నిమిషం ఇలా కూర్చో" అని తన కుర్చీ చూపించాడు. కూర్చున్నాను. హాలు ఆ చివర టీ వేళ అయింది. అక్క కెటిల్ పట్టుకుని ఉంది. లెక్కల అమ్మాయి, ప్యాకింగ్ చేసే ఆవిడ, ఇంకో ఇద్దరు బల్ల చుట్టూ చేరారు.

"నేను ఒకటి గమనించానమ్మా" అన్నాడాయన నా పక్కన వంగి. "ఆ బల్ల దగ్గర ఎవరి మాటైనా ఒక్కసారే వినబడుతుంది. మీ అక్కతో అన్న మాట మాత్రం రెండేసిసార్లు వినబడుతుంది. చక్కెర ఇటివ్వమన్నా రెండుసార్లు అనాలి. మొదట్లో నాకు అర్థం కాలేదు."

"కబుర్లలో పడి ఉంటారు సార్" అన్నాను.

"అయ్యుండచ్చు" అంటూ ఆయన కదిలాడు. చెప్పుల చప్పుడు లేకుండా హాలు పొడవునా నడిచివెళ్లి, అక్క వెనకాల, ఎడమవైపుగా, అడుగు దూరంలో ఆగాడు. అక్క చూడలేదు.

"టెస్టరమ్మా, ఇటు చూడు" అన్నాడు. గుసగుస కన్నా ఒక పాలు ఎక్కువ, అంతే. హాలవతల కూర్చున్న నాకు, నా భుజం మీద చెయ్యి వేసి అన్నట్టు వినబడింది. బల్ల దగ్గర ఉన్నవాళ్లంతా ఆయన వైపు తిరిగారు. అక్క టీ పోస్తూనే ఉంది.

ఎడమచెవి కదా, అందుకే వినబడలేదు, కుడివైపు నుంచి అంటే వినబడుతుంది అని నాకు నేనే చెప్పుకున్నాను. ఆ కంగారులో ఎక్కడ కూర్చున్నానో మర్చిపోయాను. "అక్కా, వెనక్కి తిరగవే" అన్నాను. అరవలేదు, గొణిగాను. ఇటు నుంచి అటు కూడా మాట పోతుందని ఆ క్షణాన తట్టలేదు. నా సీలింగ్ ఆ గొణుగుడుని మోసుకుపోయి తిన్నగా ఆ బల్ల మీద దింపింది. లెక్కల అమ్మాయి అదిరిపడి పైకి చూసింది. ప్యాకింగ్ ఆవిడ అటూ ఇటూ చూసింది. మెల్లగా సారు నా వైపు చూశాడు. మాట పైనుంచి దిగింది, రెండు చెవులకీ సమానంగా దిగింది. అక్క ఒక్కతే తల ఎత్తలేదు.

కుడిచెవి కూడా పోయిందన్నమాట. ఎన్నాళ్లయిందో ఏమో. నా మీద ఒట్టేసి నాకే అబద్ధం చెప్పింది. నాకు ఏడుపు తన్నుకొచ్చింది.

చుట్టూ ఉన్నవాళ్ల మొహాలు చూసి అప్పుడు తిరిగింది అక్క. ఎదురుగా యజమాని కనబడేసరికి సర్దుకుని చిరునవ్వు నవ్వింది.

"రేపటి నుంచి పనిలోకి రావద్దమ్మా, సరేనా?" అన్నాడాయన మెల్లగా, పెదాలు కదిలీ కదలకుండా.

అక్క ఆయన మొహంలోకి పరీక్షగా చూసింది, ఆయన చేతుల వైపు చూసింది, బల్ల మీద కెటిల్ వైపు చూసింది.

"అలాగే సార్" అని, ఇంకో గ్లాసు కడిగి ఆయనకి టీ పోయడం మొదలుపెట్టింది.