ఆఖరి బొమ్మలో ముసలావిడ

“ఆఖరి బొమ్మలోంచి ఆ ముసలావిడని తీసేయండి మేడమ్,” అన్నాడు ఫోన్లో ప్రచురణకర్త. ఆమె ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని అంట్లు తోముతోంది.

“ఏమండీ, బాగా రాలేదా?”

“బాగానే ఉంది. కానీ పిల్ల నాన్నని కలుసుకునే ఘట్టం కదా! పాపం, అనాథ పిల్ల. నాన్న కోసం ఎన్ని ఊళ్ళు తిరిగింది! మధ్యలో ఈవిడెందుకు, అడ్డంగా? నాన్న మొహం మాత్రం వెలిగిపోవాలి.”

చూస్తానండీ అని పెట్టేసింది. పిల్లల పుస్తకాలకి బొమ్మలు గీయడం ఆమె పని. ఇంట్లోవాళ్ళ లెక్కలో అది పనే కాదు, వంటా వార్పూ అయ్యాక కాలక్షేపం. చేతులు తుడుచుకుని బల్ల ముందు కూర్చుంది. “ఒక ముసలావిడ పంచన పెరిగింది” అని ఒక్క వాక్యం రాసి చేతులు దులుపుకున్నాడు రచయిత. రాతలో అది చెల్లిపోతుంది, గీతలో ఎలా చెల్లుతుంది? పిల్లకి జడలుంటే ఆ జడలు వేసినవాళ్ళుండాలి. చిరిగిన గౌనుకి కుట్టు ఉంటే కుట్టినవాళ్ళుండాలి. అందుకే ప్రతి బొమ్మలోనూ ముసలావిడని గీసింది. వేళకింత వండిపెట్టి, జ్వరమొస్తే ఒళ్ళో పడుకోబెట్టుకున్న మనిషి నిక్షేపంలా ఉండగా ఆ పిల్ల అనాథ ఎలా అయిందో! ఇంతకీ ఆ తండ్రి చేసిన ఘనకార్యం ఏమిటి? ఎక్కడో ఉన్నాడు. ఉన్నందుకే ఆయనకి ఆఖరి పేజీ.

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. ఈ ఇంట్లో ఆమె కూడా అనాథే మరి. కడుపులో ఉండగానే తండ్రి వెళ్ళిపోయాడు, మాటలు రాకముందే తల్లి పోయింది. తల్లి పనిచేసిన కుట్టు దుకాణంలో పక్క మిషను మీద కుట్టే ఆవిడ పిల్లని చంకనేసుకుని ఇంటికి తీసుకుపోయింది. చుట్టరికం ఏమీ లేదు. ఆవిడే పెద్దమ్మ. “తల్లీ తండ్రీ లేని పిల్ల, పోనీలే అని చేసుకున్నాం,” అని అత్తగారు ఓసారి ఆ పెద్దమ్మ ఎదుటే అంది. పెద్దమ్మ నవ్వేసి, తను తాగిన గ్లాసు తనే కడిగి పెట్టి వెళ్ళిపోయింది. ఆ రోజు తనెందుకు నోరు మూసుకుందా అని ఆమె ఇప్పటికీ తనని తాను తిట్టుకుంటుంది.

ఆ పెద్దమ్మ పోయినవారం కాలుజారి పడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషనైంది, ఆదివారం ఇంటికి పంపిస్తామన్నారు. సరిగ్గా ఇప్పుడే ఈమె భర్త ఎవరెవరినో పట్టుకుని ఈమె తండ్రి ఆచూకీ తీశాడు. రిటైరైన ఇంజనీరు, పెద్దమనిషి. ఆయనా ఆదివారమే వస్తున్నాడు.

“నీకోసం ఎంత తిరిగానో తెలుసా? ముందుగది ఆయనకిద్దాం. మీ పెద్దమ్మని ఏదైనా ఆశ్రమంలో చేర్పిద్దాంలే. అయినా ఆవిడ నీకేమవుతుందని?” అన్నాడు భర్త.

“ఇన్నాళ్ళకి మా కోడలికీ ఓ పుట్టిల్లు దొరికింది,” అని అత్తగారు మురిసిపోయి ముందుగది కర్టెన్లు ఉతికించింది. ఉతికింది ఎవరు? ఈమే.

చిన్నప్పుడు తనూ నాన్నని వెతుక్కుంది. బట్టలు కత్తిరించే కొలత కాగితాల వెనక నాన్న బొమ్మలు గీసేది, మీసంతో, మీసం లేకుండా, టోపీతో. పెద్దమ్మ ఒక్కటీ చింపలేదు. మిషను ఆపి, కళ్ళజోడు సర్దుకుని చూసి, “మీసం ఓ పక్కకి ఒరిగిందే, సరిచెయ్యి,” అనేది. ఆ మాట అంటుంటే ఆవిడకి లోపల ఎంత నొప్పేసిందో! ఆ సంగతి ఇన్నేళ్ళకి తట్టినందుకు ఆమెకి ఏడుపొచ్చింది.

రబ్బరు పక్కన పడేసి ప్రచురణకర్తకి ఫోన్ చేసింది. “ముసలావిడని తియ్యనండీ. కావాలంటే నన్ను తీసేసి ఇంకెవరితోనైనా గీయించుకోండి.”

ఆయన ఏదో అనబోతుండగానే పెట్టేసింది. అంతలో భర్త తన ఫోను పట్టుకుని పరుగున వచ్చాడు. అతని కళ్ళలో నీళ్ళు. “మీ నాన్నగారు! మాట్లాడు, మాట్లాడు,” అంటూ చేతిలో పెట్టాడు.

“అమ్మా... నేను నాన్ననమ్మా,” అంది అవతలి గొంతు, బొంగురుగా. “ఆదివారం వస్తున్నా తల్లీ. నీకేం తెమ్మంటావు?”

“ఏమీ వద్దండీ. ఆదివారం పెద్దమ్మని ఇంటికి తీసుకొస్తున్నా. ముందుగది ఆవిడకి.” భర్త నోరు తెరిచాడు. ఆమె అతని వైపు చూడలేదు. “ఆవిడ తనంతట తను లేవలేదు. లేపాలంటే ఇద్దరు కావాలి. ఒకరు భుజాలు పట్టాలి, ఒకరు కాళ్ళు. బెడ్ పాన్ పెట్టాలి, తియ్యాలి, కడగాలి. ఈ ఇంట్లో నాకు ఎవరూ సాయం రారు. మీరొస్తే ఆ పనికి రండి. నన్ను చూసిపోవడానికైతే రావద్దు.”

“పిచ్చెక్కిందా నీకు?” అంటూ భర్త ఫోను లాక్కోబోయాడు. ఆమె ఇవ్వలేదు.

“వినపడిందాండీ?” అంది ఫోన్లో.